యావ వేరు, రుచి వేరు

పెళ్లిళ్ల కాలం వస్తే చెన్నైలోని మాంబళం స్టేషన్ మెట్ల మీద తెలుగు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి చీకటితోనే బయలుదేరిన కుటుంబాలు సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి, పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలు పట్టుకుని టీ నగర్ చేరేసరికి పట్టుచీరల షాపులు అప్పుడప్పుడే తెరుస్తుంటారు. సాయంత్రం రైలుకు తిరిగి వెళ్లిపోవాలి. ఆ మధ్యలో దొరికే ఏడెనిమిది గంటల్లో పెళ్లికూతురి చీరల నుంచి పెట్టుబడి చీరల దాకా అన్నీ కొనేయాలి. ఈ పేట తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేరే పిట్టి త్యాగరాయ చెట్టిది, నడుమనున్న పార్కు పేరు పానగల్ రాజాది; ఇద్దరూ తెలుగువారైన జస్టిస్ పార్టీ నాయకులే.

ఆ షాపుల్లో ఒక దృశ్యం ప్రతిరోజూ కనిపిస్తుంది. తెల్లటి పరుపు మీద సేల్స్‌మన్ ఒక చీర మడత విప్పి పరుస్తాడు. నెమలికంఠం రంగు, జానెడు జరీ అంచు. పెళ్లికూతురి తల్లి ముందుకు వంగుతుంది. వేళ్లతో అంచు తడుముతుంది, తిరగేసి లోపలి దారాలు చూస్తుంది. "ఇది పక్కన పెట్టండి" అంటుంది. ఆ తర్వాత మరో ముప్ఫై చీరలు విప్పుతారు. చిలకాకుపచ్చ, కనకాంబరం, వంగపండు, మామిడిపండు పసుపు. మొదటి పదింటికి మెరిసిన కళ్లు ఇరవయ్యో చీర దగ్గరికి వచ్చేసరికి ఎదుట పరిచిన చీరను వదిలేసి, సేల్స్‌మన్ చేతిలోని తర్వాతి మడత వైపు చూస్తుంటాయి. "ఇంకొకటి తియ్యండి" అన్న మాట మాత్రం ఆగదు. చూస్తున్న చీర బాగుండడం తగ్గిపోతోంది, ఇంకా చూడాలన్న ఆత్రం పెరిగిపోతోంది. రెండూ ఒకే మనిషిలో, అదే పావుగంటలో.

ఒక వస్తువు కావాలనిపించడం, ఆ వస్తువు బాగుండడం ఒకటేనని దాదాపు అందరమూ నమ్ముతాం. బాగుంటుంది కాబట్టే కావాలనిపిస్తుంది, బాగుంది కాబట్టే మళ్లీ కావాలనిపిస్తుంది అనుకుంటాం. మెదడులో మాత్రం ఇవి రెండూ వేర్వేరు ఏర్పాట్లు. మామూలు రోజుల్లో జోడెద్దుల్లా ఒకే కాడి కింద నడుస్తాయి కాబట్టి తేడా కనబడదు. కాడి తెగినప్పుడు ఒకటి పరుగు తీస్తుంది, రెండోది ఉన్నచోటే నిలబడిపోతుంది.

తెలుగు నుడికారం ఈ తేడాను ఏనాడో పట్టుకుంది. తిండి యావ అంటాం, రుచి తెలిసిన మనిషి అంటాం. యావ ఉన్నవాడు తినే తీరూ రుచి తెలిసినవాడు తినే తీరూ పక్కపక్కన చూస్తే ఎవరూ పొరబడరు. ముచ్చటపడి కొన్న వస్తువు మూలపడితే మోజు తీరిందంటాం. మైసూర్‌పాక్ నాలుగో ముక్కకు మొహం మొత్తిందంటాం. అందకుండా చూపిస్తూ ఆశపెట్టడాన్ని ఊరించడం అంటాం. నోట్లో నీళ్లు ఊరడం ఆ మాటలోనే ఉంది. కడుపు నిండడం ఒకటి, తనివి తీరడం మరొకటి. మనస్తత్వశాస్త్రం డెబ్బై ఏళ్లుగా ప్రయోగశాలల్లో ఒక్కొక్కటిగా విడదీస్తూ వచ్చినవి దాదాపు ఇవే. కాబట్టి ఆ ప్రయోగాలను ఈ మాటలతోనే చెప్పుకోవచ్చు.

కథ కెనడాలో మొదలైంది. మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులోకి సన్నటి తీగ దించారు. తీగ వాళ్లు అనుకున్న చోటికి కాక మరోచోటికి వెళ్లింది. ఆ పొరపాటే గొప్ప మలుపయింది. పెట్టెలో ఒక మూలకు వెళ్లినప్పుడు చిన్నపాటి కరెంటు ఇస్తే ఎలుక మళ్లీ మళ్లీ ఆ మూలకే రావడం మొదలుపెట్టింది. తర్వాత ఎలుకలే నొక్కుకునేలా మీట అమర్చారు. అవి గంటకు వందల సార్లు నొక్కాయి, తర్వాతి ప్రయోగాల్లో కొన్ని వేల సార్లు నొక్కాయి. ఆకలితో ఉన్న ఎలుకలు ఎదుట తిండి పెట్టినా మీటనే ఎంచుకున్నాయి. 1954లో ఈ ఫలితాలు అచ్చయ్యాక మెదడులో సుఖకేంద్రం దొరికిందని ప్రపంచమంతా అనుకుంది. ఆ నాడుల దారిలో పనిచేసే డోపమైన్ అనే రసాయనానికి ఆనంద రసాయనం అన్న బిరుదు వచ్చింది. ఆ బిరుదు ఈనాటికీ పోలేదు.

ఒక్క ప్రశ్న మాత్రం చాలాకాలం పక్కనే ఉండిపోయింది. అన్నిసార్లు మీట నొక్కిన ఎలుకకు నిజంగా సుఖంగా ఉందా? నొక్కాలనిపించడం తప్ప దానికి దక్కింది ఇంకేమైనా ఉందా? ఎలుకను అడగలేం. కానీ దాని మొహం చూడవచ్చు. పురిటిబిడ్డ నాలుక మీద తీపి చుక్క వేస్తే పెదవులు చప్పరిస్తుంది, చేదు చుక్క వేస్తే మొహం వికారంగా పెట్టి నాలుకతో నెట్టేస్తుంది. ఎలుకలకూ ఇంచుమించు ఇవే కవళికలు ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ ఈ కవళికలనే సుఖానికి కొలబద్దగా తీసుకున్నారు. మెదడులో డోపమైన్ దాదాపుగా లేకుండా చేసిన ఎలుకలు తిండి గిన్నె పక్కనే ఉన్నా ముట్టుకోవు. గొట్టంతో తినిపించకపోతే చచ్చిపోతాయి. వాటికిక సుఖమంటే తెలియదని అందరూ ఊహించారు. ఆ ఎలుకల నోట్లో తీపి నీళ్లు పోస్తే, ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు ఎలా చప్పరిస్తాయో అవీ అలాగే చప్పరించాయి. రుచి చెక్కుచెదరలేదు, యావ మాత్రం పూర్తిగా పోయింది. డోపమైన్ ప్రభావాన్ని పెంచి చూస్తే దీనికి తలకిందులు. తీపి కోసం మరింత ఆరాటపడ్డాయి, మరింత శ్రమపడ్డాయి. నోట్లో పడ్డాక మాత్రం మునుపటికంటే ఎక్కువగా చప్పరించలేదు.

అంటే డోపమైన్ ప్రధానంగా యావకు సంబంధించిన రసాయనం. రుచిని, సుఖాన్ని పుట్టించే చోట్లు వేరే ఉన్నాయి, అవి చాలా చిన్నవి. ఎలుక మెదడులో అలాంటి ఒక చోటు దాదాపు ఒక ఘనపు మిల్లీమీటరు ఉంటుందని తేల్చారు. నల్లమందు జాతి రసాయనాలను శరీరం తానుగా తయారుచేసుకుంటుందే, ఆ రసాయనాలు అక్కడ పనిచేస్తాయి. యావను నడిపే వ్యవస్థ ఎంతో విశాలమైనది, బలమైనది, తేలిగ్గా రెచ్చిపోతుంది. సుఖాన్నిచ్చే వ్యవస్థ చిన్నది, సున్నితమైనది, కొద్దిసేపు వెలిగి ఆరిపోతుంది. మనిషి కోరికల గురించిన ఏ చర్చకైనా ఈ అసమానతే మూలం. గొప్ప కోరికలు ఎక్కువగానూ గొప్ప సుఖాలు అరుదుగానూ ఉండడానికి మెదడు నిర్మాణంలోనే కారణం ఉంది.

ఇది తెలిస్తే వ్యసనపరుణ్ని చూసే చూపు మారాలి. 1993లో టెర్రీ రాబిన్సన్, బెరిడ్జ్ కలిసి ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వ్యసనంలో యావ వ్యవస్థ ఒరిపిడికి గురై ఏటేటా పదునెక్కుతుంది, సుఖం మాత్రం తగ్గుతూ పోతుంది. తాగుడుకు బానిసైన మనిషి "ఇందులో నాకు సుఖమేమీ లేదు" అంటే ఇంట్లోవాళ్లు నమ్మరు. సుఖం లేకపోతే ఎందుకు తాగుతున్నావని నిలదీస్తారు. అతను చెప్పేది చాలావరకు నిజం. జీతం రోజు సాయంత్రం మద్యం దుకాణం ఉన్న వీధి మలుపు కనిపించగానే అతని కాళ్లను అటు లాగేది రాబోయే సుఖం గురించిన తలపు కానక్కరలేదు. ఆ మలుపే లాగుతుంది. పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే కొన్ని మందులు డోపమైన్‌లాగా పనిచేస్తాయి. వాటిని వాడేవారిలో కొందరికి, అంతకుముందు ఆ అలవాట్లే లేనివారికి, జూదం మీదా కొనుగోళ్ల మీదా అదుపులేని యావ పుట్టడం వైద్యులు చూశారు. మందు తగ్గిస్తే చాలామందిలో అది తగ్గింది. గుణం చెడ్డదని, పట్టుదల లేదని తిట్టడం ఎంత అన్యాయమో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

ఇక ఊరించడం. వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే నాడీ శాస్త్రవేత్త కోతుల మెదడులోని డోపమైన్ కణాలను ఒక్కొక్కటిగా గమనించారు. అనుకోకుండా నోట్లో పండ్లరసం చుక్క పడితే ఆ కణాలు జోరుగా స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టాక, కొన్నాళ్లకు స్పందన రసం దగ్గర ఆగిపోయి దీపం దగ్గరికి జరిగింది. దీపం వెలిగినా రసం రాకపోతే, వచ్చే వేళకు ఆ కణాలు మామూలుకంటే కిందికి పడిపోయాయి. 1997లో షుల్ట్జ్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు కలిసి దీనికి అర్థం చెప్పారు: ఈ కణాలు లెక్కగట్టేది అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను. పూర్తిగా అనుకున్నట్టే జరిగినది మెదడుకు వార్త కాదు.

మడత విప్పకముందు చీర, తెరవకముందు పార్సిల్, చూడకముందు ఫోనులో వచ్చిన సందేశం, ఇవన్నీ ఆ దీపం లాంటివే. చీరల షాపులో సేల్స్‌మన్‌కు ఈ పరిశోధన తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మొదటే మంచి చీర చూపించడు, ఒకేసారి రెండు మడతలు విప్పడు. ఎప్పుడు ఏది వస్తుందో తెలియని బహుమతి కోసం జీవి అలుపులేకుండా ప్రయత్నిస్తుందని పావురాల మీద ప్రయోగాలు చేసి బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త అర్ధశతాబ్దానికి పైగా కిందటే చూపించారు. చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వెంట కంపెనీ బస్సుల్లో తలలు వంచుకుని వేలితో తెర జరుపుకుంటూ పోయే యువతీయువకులను చూస్తే ఆ పావురాలు గుర్తుకురాక మానవు. పది జరిపితే ఒకటి బాగుంటుంది. ఆ పదిలో అది ఏదో ముందుగా తెలియదు. తెలిసి ఉంటే అంతసేపు జరపరు.

ఈ మధ్య డోపమైన్ ఉపవాసం అని ఒకటి ప్రచారంలోకి వచ్చింది. కొన్ని రోజులు సుఖాలన్నీ మానేస్తే మెదడులో డోపమైన్ శుభ్రపడుతుందన్నట్టు చెబుతున్నారు. డోపమైన్ శరీరంలో పేరుకునే మురికి కాదు. అది లేకపోతే నడక కూడా సాగదు. పార్కిన్సన్ రోగుల బాధ అదే. ఫోను కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిదే. దాని వల్ల మేలు జరిగితే, దీపం కనిపించకపోవడం వల్ల ఆ పిలుపు బలహీనపడినందుకు. సగం తెలిసిన శాస్త్రాన్ని తెలుగులో మరింత తగ్గించి చెప్పి యువతను భయపెట్టడం తగని పని.

మళ్లీ పరుపు దగ్గరికి. చివరికి పోటీ రెండు చీరల మధ్య నిలుస్తుంది. రెండూ నెమలికంఠమే. ఒకదాని అంచు రెండు వేళ్లు ఎక్కువ వెడల్పు, జరీ కాస్త ఎక్కువ మెరుపు, ధర ఏడు వేలు ఎక్కువ. పక్కపక్కన పెట్టి చూస్తే రెండోది మొదటిదాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. తల్లి ముఖంలో చిన్న బాధ కనిపిస్తుంది. కూతురి పెళ్లికి తక్కువది కొంటున్నానేమోనన్న బాధ అది. క్రిస్టఫర్ షీ అనే పరిశోధకుడు మరొకరితో కలిసి 2004లో వివరించిన సంగతి సరిగ్గా ఇదే. ఎంచుకునేటప్పుడు వస్తువులు పక్కపక్కన ఉంటాయి, అనుభవించేటప్పుడు ఒక్కటే ఉంటుంది. పోలికలో కొండంతగా కనిపించిన తేడా అనుభవంలో ఆవగింజంత కూడా ఉండకపోవచ్చు. కల్యాణ మండపంలో రెండో చీర ఉండదు. అక్కడ పెళ్లికూతురు కట్టుకున్నది చూసి ఇంకో రెండు వేళ్ల అంచు ఉంటే బాగుండేదని ఎవరికీ తోచదు. పాతకాలపు ఆడవాళ్లు చీరను ఒంటరిగా తీసి, గుమ్మం దగ్గరి వెలుతురులోకి పట్టుకెళ్లి, భుజం మీద వేసుకుని చూసేవారు. రంగు తెలియడానికే అలా చేసినా, ఎంపికకు అది చాలా మంచి పద్ధతి. ఇప్పటి పెద్ద షాపుల్లో గుమ్మం నాలుగు అంతస్తుల కింద ఉంటుంది.

కోరికలో సొంతం ఎంత, అరువు ఎంత అన్నది ఇంకో సంగతి. "నెల్లూరు నుంచి వచ్చినవాళ్లందరూ ఇదే తీసుకుంటున్నారమ్మా" అని సేల్స్‌మన్ అరవం కలిసిన తెలుగులో ఒక్క మాట అంటే, అంతసేపు పక్కన పడి ఉన్న చీరకు విలువ వచ్చేస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెతలో ఉన్నది ఇదే. ఇతరులు కోరుతున్నారని తెలిస్తే చాలు, యావ కదులుతుంది. రుచి అలా అరువుకు రాదు, ఎవరి నాలుకకు వాళ్లే కష్టపడి సంపాదించుకోవాలి.

మోజు తీరడం గురించి శాస్త్రం ఎంతో రాసింది. 1971లో ఫిలిప్ బ్రిక్‌మన్, డోనాల్డ్ క్యాంబెల్ మనిషి సుఖాన్ని, ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే నడక యంత్రంతో పోల్చారు. తెలుగువాళ్లకు గానుగెద్దు చాలు. 1978లో బ్రిక్‌మన్ బృందం లాటరీ గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూస్తే, గెలిచినవాళ్లు చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న సంతోషాల్లో వాళ్లకు రుచి తగ్గింది. ఈ ప్రయోగాన్ని పట్టుకుని డబ్బుతో సుఖం రాదని ప్రవచనాలు చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఇరవై ఇద్దరితో అంత పెద్ద మాట చెప్పలేం. స్వీడన్‌లో వేలాదిమంది లాటరీ విజేతల మీద జరిగిన పరిశోధన 2020లో వచ్చింది. పెద్ద మొత్తాలు గెలిచినవారికి తమ జీవితం పట్ల సంతృప్తి పదేళ్లు దాటినా ఎక్కువగానే ఉందని అందులో తేలింది. అప్పు తీరిన ఇంట్లో కంటినిండా పట్టే నిద్రకు మోజు తీరడమంటూ ఉండదు. లేనివారికి వైరాగ్యం బోధించడానికి మనస్తత్వశాస్త్రాన్ని వాడుకోవడం ఆ శాస్త్రానికీ, ఆ మనుషులకూ అపచారం.

అన్నింటికీ ఒకే వేగంతో అలవాటుపడం అన్నది ఇక్కడ అసలు విషయం. కొత్త ఫోను మోజు దాని వాయిదాలు పూర్తికాకముందే తీరుతుంది. షోళింగనల్లూరు దగ్గర ముగ్గురుండే హాస్టల్ గదిలో ఉన్నప్పుడు సొంత గది ఉంటే చాలనుకున్న కుర్రాడికి, సొంత ఫ్లాటులోకి మారిన ఆరు నెలలకు ఆ గోడలు కనిపించడం మానేస్తాయి. రోడ్డు మోతకూ, రోజూ ట్రాఫిక్‌లో కూర్చోవడానికీ మాత్రం మనిషి అంత తేలిగ్గా అలవాటుపడడని పరిశోధనలు చెబుతున్నాయి. ఒక గది ఎక్కువ వస్తుందని ఆఫీసుకు గంటన్నర దూరంలో ఇల్లు కొనేవాళ్లు ఈ లెక్క వేసుకోవడం మంచిది. గది త్వరగా పాతబడుతుంది, గంటన్నర ప్రతిరోజూ కొత్తగానే బాధపెడుతుంది.

మొహం మొత్తడం మోజు తీరడం కంటే వేగంగా జరుగుతుంది, దాని మందు కూడా దగ్గరే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆ కుటుంబం చీరల బేరం సగంలో వదిలి ఆంధ్రా భోజనం దొరికే చోటు వెతుక్కుంటుంది. అరిటాకు మీద ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, తర్వాత గోంగూర, వేపుడు, తర్వాత సాంబారు, చారు, చివర గడ్డపెరుగు. పప్పన్నం ఇక చాలనిపించినవాడు చారు రాగానే మళ్లీ కలుపుకుంటాడు, ఇక కడుపులో చోటు లేదన్నవాడు పాయసం చూసి గిన్నె అందుకుంటాడు. ఇది దొంగ ఆకలి కాదు. బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్ ఆక్స్‌ఫర్డ్‌లో 1980ల తొలినాళ్లలో చూపించినట్టు, తిన్న పదార్థం మీద మాత్రమే ఇష్టం తగ్గుతుంది, తినని పదార్థం మీద ఇష్టం దాదాపు అలాగే ఉంటుంది. కడుపు నిండడం, మొహం మొత్తడం రెండు లెక్కలు. పప్పుతో మొదలై పెరుగుతో ముగిసే వరస తెలిసో తెలియకో ఈ రెండో లెక్క మీదే కట్టినది. దానివల్ల అవసరానికి మించి తింటామన్నది కూడా నిజమే, అందుకు ఆ వరసను తప్పుపట్టడం కష్టం.

ఆ ఆకు మీద కారం సంగతి వేరే చెప్పుకోవాలి. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మిరపకాయ ఈ దేశంలో లేదు. దాని ఘాటు అసలు రుచే కాదు, మంట. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ అంటుకునే గ్రాహకం, అంటే నాడి చివర సంకేతాన్ని అందుకునే భాగం, దాదాపు 43 డిగ్రీల వేడికి స్పందించే గ్రాహకమేనని డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుక్కుంది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఎర్రటి ఆవకాయ ముద్ద పెట్టుకున్న నాలుక నిజంగానే కాలుతున్నానని మెదడుకు చెబుతుంది. చంటిపిల్లలెవరికీ కారం నచ్చదు. ఇంట్లో అందరూ తింటుంటే చూసి, కొద్దికొద్దిగా అలవాటై, చివరికి అది లేకపోతే ముద్ద దిగని స్థితికి వస్తారు. పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త దీన్ని హాని లేని నొప్పిలోని సుఖంగా వర్ణించారు. ఒళ్లు ప్రమాదం అంటుంది, ప్రమాదమేమీ లేదని మనసుకు తెలుసు. ఆ రెండింటి మధ్య పుట్టే సుఖం అది. విషాదాంత నాటకం చూసి తృప్తిగా కన్నీళ్లు పెట్టుకోవడం కూడా ఆ కోవలోదే అంటారాయన. సుఖం పుట్టుకతో వచ్చే రుచుల జాబితా అయితే ఆవకాయకు అందులో చోటుండేది కాదు.

భోజనం నుంచి తిరిగి వచ్చాక షాపులో ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. పొద్దున పక్కన పెట్టిన మొదటి చీరను మళ్లీ విప్పితే తల్లి వేళ్లు మళ్లీ అంచు మీదికి పోతాయి. లీఫ్ నెల్సన్, టామ్ మేవిస్ 2008లో అచ్చువేసిన ప్రయోగాల్లో ఒళ్లు మర్దన మధ్యలో కాసేపు ఆపి మళ్లీ మొదలుపెడితే, ఆపకుండా చేసినదానికంటే ఎక్కువ బాగుందని జనం చెప్పారు. ఆపితే హాయి చెడుతుందని ముందుగా అడిగినప్పుడు చెప్పిందీ ఇలాంటి జనమే. విరామం అలవాటును తెంపుతుంది. కష్టమైన పనికి మధ్యలో విరామం ఇస్తే తిరిగి మొదలుపెట్టినప్పుడు అది మునుపటికంటే ఎక్కువ బాధిస్తుంది, సుఖానికి ఇస్తే అది మళ్లీ మొదటి ముద్దలా ఉంటుంది. మనం సాధారణంగా చేసేది దీనికి ఎదురు. నచ్చిన ధారావాహికను రాత్రంతా ఒక్క బిగిన చూస్తాం, ఇల్లు సర్దే పనిని పది ముక్కలు చేస్తాం.

చెన్నైలో వీటన్నిటినీ ఒకచోట చూడగలిగే కాలం డిసెంబరు. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీతో పాటు ఎన్నో సభల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కచేరీలు జరుగుతాయి. పాడేవాళ్లు, వినేవాళ్లు ఎక్కువమంది తమిళులు. పాటల్లో చాలావరకు తెలుగు. త్యాగరాజు తిరువయ్యారులో కూర్చుని తెలుగులో చెప్పిన కృతులు ఈ నగరం నోట రోజుకు ఎన్నిసార్లు పలుకుతాయో లెక్కలేదు. పెరంబూరు నుంచో మేడవాక్కం నుంచో వచ్చి ఆ హాల్లో కూర్చున్న తెలుగు శ్రోతకు రాగంతో పాటు మాట కూడా అందుతుంది. అది ఈ ఊళ్లోని తెలుగువాళ్లకు దక్కిన భాగ్యం.

ఆ కృతుల్లో సంగతి అని ఒకటి ఉంటుంది. పల్లవిలోని ఒకే పంక్తిని మొదట సాదాగా పాడతారు. రెండోసారి ఒక స్వరం దగ్గర చిన్న వంపు. మూడోసారి ఆ వంపు నుంచి మరో మెట్టు పైకి. ఖరహరప్రియ రాగంలోని 'చక్కని రాజమార్గములు' కృతిలో పల్లవి ఇలా ఒకదాని మీద ఒకటిగా ఎన్నో సంగతులతో పెరుగుతుంది. మాటలు మారవు, తాళం మారదు, వచ్చి ఆగే చోటు మారదు. మధ్య దారి మాత్రం ప్రతిసారీ కొత్త. సంగతులకు ఇంత విస్తృతి తెచ్చినవాడు త్యాగరాజేనని సంగీత లోకం చెబుతుంది. మోజు తీరడం, మొహం మొత్తడం, ఊరించడం అన్న మూడు సమస్యలకూ ఒక్క నిర్మాణంలో ఇంత అందమైన జవాబు ఇంకెక్కడా కనిపించదు. తెలిసిన పంక్తి కాబట్టి మెదడు ఏం రాబోతోందో ఊహిస్తుంది. రవ్వంత మారి వస్తుంది కాబట్టి అది వార్త అవుతుంది. పూర్తిగా మారితే ఊహించడానికి ఏమీ మిగలదు, ఏమీ మారకపోతే వినడానికి ఏమీ మిగలదు.

ఓల్డ్స్, మిల్నర్ ఎలుక మెదడులోకి తీగ దించిన ఆ మెక్‌గిల్‌లోనే, 2011లో వలోరీ సాలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం సంగీతం వింటున్న మనుషుల మెదళ్లను చూసింది. శ్రోతలు తమ ఒళ్లు గగుర్పొడిచే సంగీతాన్ని తామే ఎంచుకుని తెచ్చుకున్నారు. గగుర్పాటు రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో మెదడులో ఒకచోట డోపమైన్ విడుదలైంది, అది వచ్చిన క్షణంలో మరోచోట విడుదలైంది. ఎదురుచూపు, అందుకోవడం రెండు వేర్వేరు ఘట్టాలుగా కనిపించాయి. కడుపు నింపనిది, ప్రాణం నిలపనిది, గాలిలో కంపనం తప్ప మరేమీ కానిది తిండి కోసం ఏర్పడిన దారుల్లోనే నడిచింది. ఇక్కడ యావా రుచీ మళ్లీ ఒక కాడి కింద కనిపిస్తాయి. రాబోయే సంగతి కోసం ఆత్రం, వచ్చిన సంగతిలో రుచి, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఈ సుఖం వినడం నేర్చుకున్న చెవికే దక్కుతుంది, ఒకే కృతిని ఏళ్ల తరబడి విన్న శ్రోతకు మరింతగా దక్కుతుంది. షాపులో ముప్ఫయ్యో చీర దగ్గర జరిగినదానికి ఇది పూర్తిగా ఎదురు దిశ.

చివరి సంగతి తారస్థాయికి చేరుతుంది, హాల్లో అక్కడక్కడ "భళా" వినిపిస్తుంది. గాయని అనుపల్లవిలోకి వెళ్లి, దాన్ని ముగించి, తిరిగి పల్లవికి వస్తుంది. చాలాసార్లు ఇక్కడ ఏ అలంకారమూ ఉండదు, మొట్టమొదట పాడిన సాదా పాఠమే. పావుగంట కిందట అది ఒక మామూలు పంక్తి. ఇప్పుడు ఆ పంక్తి ఏయే దారుల్లో వెళ్లగలదో శ్రోతకు తెలుసు, వెళ్లకుండా ఆగడం కూడా వినిపిస్తుంది. ముందు వరసలో తాళం వేస్తున్న పెద్దాయన చెయ్యి తొడ మీద చప్పుడు లేకుండా పడుతుంది.